కోరాన్ దీవిలో తెరిచి ఉంచిన సరస్సు

కోరాన్ పేరు ఎత్తగానే ఎవరైనా చూపించే ఫొటో ఒకటుంది. రెండు నల్లటి కొండల నడుమ ఆకుపచ్చ నీళ్లు, ఒడ్డున వరుసగా కట్టేసిన పడవలు, అడుగున ఉన్న రాళ్లు కూడా పైకి కనిపించేంత తేట. హోటళ్ల గోడల మీదా, కరపత్రాల మీదా అదే ఫొటో. కింద చాలాచోట్ల కయాంగన్ సరస్సు అని రాసి ఉంటుంది. నిజానికి అందులో ఉన్నది సరస్సు కాదు, కొండల్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఫొటో తీసేవాళ్లు కొండ మెడ మీద నిలబడి సముద్రం వైపు తిరిగి తీస్తారు. సరస్సు వాళ్ల వీపు వెనక, అవతలి వాలు కింద ఉంటుంది. మెట్లు దిగి దాని ఒడ్డుకు వెళ్లేదాకా కనిపించదు.

కోరాన్ అనే పేరుతో ఉన్నవి కూడా రెండు. ఒకటి బుసుయాంగా అనే పెద్ద దీవి మీది ఊరు. రెండోది ఆ ఊరికి ఎదురుగా సముద్రంలోంచి నిలువునా లేచిన సున్నపురాయి దీవి. రెండూ ఫిలిప్పీన్స్‌లోని పలవాన్ రాష్ట్రంలో, కలామియాన్ దీవుల గుంపులో ఉన్నాయి. మనీలా నుంచి విమానంలో గంట. దిగాక వ్యానులో మేత భూముల మధ్య నుంచి కాసేపు ప్రయాణం. బస, తిండి, సందడి అంతా ఊళ్లోనే. దీవికి పొద్దున్నే పడవలో వెళ్లి సాయంత్రానికి వెనక్కి వస్తారు.

మా అన్నయ్య కూతురు దవావోలో వైద్య విద్య చదువుతోంది. మన రెండు రాష్ట్రాల నుంచి ఫిలిప్పీన్స్‌కు డాక్టరీ చదవడానికి వెళ్లిన పిల్లలు ఎంతమందో ఉన్నారు. వాళ్ల కోసం వెలసిన తెలుగు మెస్సుల్లో పప్పుచారు తిని, అక్కడి బజార్లో బేరమాడడం నేర్చుకుని, మూడేళ్లకల్లా ఆ నేల మీద నిలదొక్కుకుంటారు. సెలవులు దొరగ్గానే "అత్తా, ఇక్కడిదాకా వచ్చి కోరాన్ చూడకుండా వెళ్తావా" అని తనే టికెట్లు తీసింది. టగాలోగ్‌లో మాట్లాడి, పడవ నడిపే పెద్దాయన్ని "కుయా", అంటే అన్నా అని పిలిచి, ముందు సీట్లో నాకు చోటు సంపాదించిందీ తనే.

అక్కడి పడవను బంకా అంటారు. సన్నగా, పొడుగ్గా ఉండే చెక్క పడవ. రెండు పక్కలా కొంచెం దూరంగా పొడవాటి వెదురు బొంగులు కట్టి ఉంటాయి. అలల్లో పడవ ఒరిగిపోకుండా కాసేవి అవే. ఇంజను చప్పుడులో మాటలు వినపడవు కాబట్టి చూడడం ఒక్కటే పని. ఊరు వెనక్కి జరిగేకొద్దీ ఎదుటి దీవి పెరుగుతూ వచ్చింది. దూరం నుంచి అడవి కొండలా కనిపించింది. దగ్గరకొచ్చాక అది పూర్తిగా రాయి అని అర్థమైంది. బూడిద రంగు, నలుపు, అక్కడక్కడ తుప్పు చారలు. నీటి మట్టం దగ్గర అలలు తినేసి రాతి అడుగు లోపలికి పోయింది. పైన రాతి అంచులు ఎంత పదునుగా ఉన్నాయంటే చెయ్యి ఆనిస్తే తెగుతుంది. ఆ పగుళ్లలోనే వేళ్లు దింపి చెట్లు నిలబడ్డాయి. మైళ్ల పొడవునా ఇదే గోడ. మధ్యలో ఎక్కడో ఒక చిన్న ఇసుక తిన్నె.

ఈ రాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నం. భూమి పైకి నెట్టాక దాన్ని చెక్కింది వాన. గాలిలోంచి, ఆకుకుళ్లులోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాన నీరు కొద్దిగా ఆమ్లమవుతుంది, సున్నపురాయిని కరిగిస్తుంది. పగులు సందవుతుంది, సందు గుహవుతుంది, గుహ కప్పు కూలితే గుంట ఏర్పడుతుంది. ఆ గుంట అడుగు సముద్ర మట్టానికి దిగువన ఉంటే నీరు నిండి సరస్సు అవుతుంది. కోరాన్ దీవి కడుపులో ఇలాంటి సరస్సులు ఎన్నో ఉన్నాయి. కయాంగన్ వాటిలో ఒకటి.

పడవ పాయలోకి తిరగగానే గాలి ఆగిపోయింది. రేవు దగ్గర లైఫ్ జాకెట్ బిగించుకోమన్నారు. ఇక్కడ ఎంత ఈతగాడైనా అది లేకుండా నీళ్లలోకి దిగనివ్వరు. ఆపైన కొండకు అడ్డంగా కోసిన నిటారు మెట్లు. మోకాళ్లు పట్టేస్తాయి, చెమట కళ్లలోకి కారుతుంది. మెడ మీదకు చేరితే ఒక పక్క చిన్న గుహ, ఇంకో పక్క ఫొటో కోసం నిలబడే రాయి. అక్కడ వరుస కట్టి ఉన్నారు. మా మేనకోడలు నన్నూ నిలబెట్టి ఫొటో తీసింది. చూపు తిప్పుకోలేని దృశ్యమే, సందేహం లేదు. కానీ నా మనసు అవతలి మెట్ల మీద ఉంది.

దిగుతుంటే చెట్ల మధ్య నుంచి ముందు వెలుగు కనిపించింది. నీరు ఎక్కడ మొదలైందో వెంటనే తెలియలేదు. ఒడ్డు రాయి నీళ్ల కిందికి అదే రంగులో, అదే స్పష్టతతో సాగిపోతోంది. చుట్టూ నిలువు కొండలు, మధ్యలో సరస్సు, ఒక పక్క ఒడ్డు వెంట చెక్కల నడవ. జనం ఉన్నారు, కేకలు ఉన్నాయి. అయినా నీళ్లను చూస్తున్నంతసేపూ అవేవీ చెవికి ఎక్కలేదు.

నేను ఈత నేర్చింది మా శృంగవరపుకోట దగ్గర మట్టినీళ్ల చెరువులో. చెయ్యి ముంచితే మణికట్టు దాటి కనిపించదు. కాళ్ల కింద ఏముందో కాలితో తడిమి తెలుసుకోవడమే తప్ప చూడడం ఎరగం. అందుకేనేమో ఇక్కడ నీళ్లలోకి దిగి తల ముంచి కళ్లద్దాల్లోంచి కిందికి చూసిన క్షణాన ఒళ్లు ఝల్లుమంది. నా పాదాల కింద కొండ ఇంకా దిగుతూనే ఉంది. గట్టు, దాని కింద ఇంకో గట్టు, వాటి మీద నిలువుగా లేచిన రాతి స్తంభాలు. కొన్ని స్తంభాల కొసలు చెయ్యి చాస్తే అందేంత పైకి వచ్చాయి, మొదళ్లు నీలిచీకట్లో కలిసిపోయాయి. ఎత్తైన మేడ అంచున నిలబడితే కలిగే భయం కాసేపు నన్ను పట్టుకుంది. నీళ్లు మోస్తున్నాయని శరీరానికి తెలిసేసరికి కొంత టైం పట్టింది.

తర్వాత చూపు నెమ్మదించింది. ఎండ ఏటవాలుగా నీళ్లలోకి దిగి రాళ్ల మీద వణుకుతోంది. సూదిమూతి చేపలు పైపొరకు ఆనుకుని ఈదుతున్నాయి, వాటి నీడలు ఎంతో కింద గట్టు మీద పాకుతున్నాయి. చేపకూ దాని నీడకూ మధ్య అంత దూరం నేను ఎన్నడూ చూడలేదు. రాతి నెర్రెల్లో వేలంత చేపలు ఉన్నాయి. మనిషి కాళ్ల కదలికకు లోపలికి పోయి మళ్లీ తొంగి చూస్తాయి. నాచు లేదు, తుంగ లేదు, తామర లేదు. మన చెరువుల్లో ఉండే జీవసందడి ఇక్కడ కనిపించదు. ఈ నీళ్ల అందం చాలావరకు పేదరికం నుంచి వచ్చింది. ఈ నీళ్లలో బతకడానికి తిండి తక్కువ.

నీళ్లు పెదాలకు తగిలితే కొంచెం ఉప్పగా ఉన్నాయి. అడుగున రాతి పగుళ్ల గుండా సముద్రపు నీరు వచ్చిపోతుంటుంది, పైన వాన నీరు తేలుతుంది. ముప్పాతిక వంతుకు దగ్గరగా మంచినీరు, మిగతాది ఉప్పునీరు అని గైడ్లు చెబుతారు.

ఇంత తేట ఎలా వచ్చిందన్నది ఒడ్డుకొచ్చి కూర్చున్నాక కూడా నా బుర్రలో తిరిగింది. సరస్సులో ఒక్క వాగూ కలవదు. వాగు లేదు కాబట్టి మట్టి కొట్టుకురాదు. చుట్టూ ఉన్న రాతి మీద మట్టే పలచన, పడిన వాన పగుళ్లలోంచి ఇంకి దిగుతుంది. కొండలు గాలిని ఆపుతాయి కాబట్టి అడుగు కలతబడదు. నీళ్లలో కరిగిన సున్నం ఇంకో మేలు చేస్తుంది. సన్నటి మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువెక్కించి అడుక్కి దించేస్తుంది. మన పల్లెల్లో బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపితే బురద నీరు తేరుకుంటుందే, అలాగన్నమాట. నాచుకు ఎరువైన భాస్వరాన్ని కూడా సున్నం పట్టి ఉంచుతుంది, అందుకే నీరు పచ్చబడదు. మిగిలిన రంగు వెలుతురుది. ఎరుపును నీరు మింగేస్తుంది, నీలం, ఆకుపచ్చ తెల్లటి రాతి అడుగున తగిలి పైకి వస్తాయి.

ఇదే లెక్క తిరగేసి చూస్తే భయం వేస్తుంది. లోపలికి వాగు రానట్టే బయటికి వాగు పోదు. ఒంటికి రాసుకున్న క్రీము, తలనూనె, సబ్బు, ఈతకొచ్చినవాళ్లు ఆపుకోలేక వదిలినవి, ఏవైనా సరే త్వరగా కొట్టుకుపోవడానికి దారి లేదు. ఏళ్ల తరబడి తిండి లేక తేటగా ఉన్న నీళ్లకు మనం తిండి మోసుకొస్తున్నాం. వేలమంది రోజూ దిగితే ఈ సరస్సు పచ్చబడడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు.

ఒడ్డున మా పక్కన కూర్చున్న కాపలా కుర్రాడు టగ్బనువా తెగవాడు. సముద్రం మీదా అడవి మీదా బతికే ఆదివాసులు వాళ్లు. ఈ దీవి వాళ్లది. బానువాంగ్ దాన్, కబుగావ్ అనే రెండు గ్రామాలు దీవి మీద ఉన్నాయి. మా మేనకోడలు అతన్ని మిగతా సరస్సుల గురించి అడిగింది. అతను కొండల వైపు చెయ్యి చూపి, అటువైపు పెద్దదొకటి ఉంది, కబుగావ్ సరస్సు, అక్కడికి ఎవరినీ తీసుకెళ్లం అన్నాడు. యాత్రికులకు తెరిచినవి కయాంగన్, బారకూడా అనే రెండే. మిగిలినవి పవిత్ర స్థలాలు. భారీ ఆక్టోపస్ రూపంలో ఉండే శక్తి వాటిని కాస్తుందని పెద్దల నమ్మకం. అక్కడికి వెళ్లే అధికారం పూజలు తెలిసిన పెద్దలకే ఉంటుంది. తను కూడా చూడలేదని ఆ కుర్రాడు మామూలుగా చెప్పాడు. అందులో అతనికి లోటేమీ కనిపించినట్టు లేదు.

"ఎంత డబ్బిచ్చినా చూపించరా అత్తా?" అని మా పిల్ల నాతో తెలుగులో అంది. నాకు మాత్రం ఆ జవాబు విన్నప్పటి నుంచి ఈ దీవి మీద గౌరవం పెరిగింది. కయాంగన్ ఇంత శుభ్రంగా ఉండడానికి సున్నపురాయి ఎంత కారణమో, వద్దు అనగలిగిన మనుషులు ఉండడం అంత కారణం. ఆ మాట అనే అధికారం వాళ్లకు ఊరికే రాలేదు.

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1967లో కోరాన్ దీవిని జాతీయ రిజర్వుగా ప్రకటించింది, 1978లో పర్యాటక ప్రాంతం, సముద్ర రిజర్వు అంది. తరాలుగా అక్కడ బతుకుతున్నవాళ్లు కాగితాల మీద ఎక్కడా లేరు. 1970లలో అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. దీవి గుహల్లో బలిన్‌ససాయవ్ అనే చిన్న పిట్ట తన లాలాజలంతో గూడు కట్టుకుంటుంది. చైనా వంటల్లో ఆ గూళ్ల సూపుకు బంగారం ధర పలుకుతుంది. ఏ గుహ ఏ వంశానిదో టగ్బనువాలకు తాతల నుంచి తెలుసు. ఆ గుహలను స్థానిక పాలకులు వేలం పాటకు పెట్టారు, పాడుకున్న బయటివాళ్లు వాటికి యజమానులయ్యారు. సముద్రంలో పరిస్థితి ఇంకా ఘోరం. బయటి నుంచి వచ్చిన పడవలు డైనమైట్ పేల్చి, సయనైడ్ చల్లి చేపలు పట్టాయి. పగడపు దిబ్బలు పిండయ్యాయి, టగ్బనువాల పళ్లెంలో చేప తగ్గిపోయింది.

వాళ్లు 1985లో సంఘం పెట్టుకున్నారు. 1990లో 7,748 హెక్టార్ల మీద అటవీ సంరక్షణ ఒప్పందం సంపాదించారు. అయితే అది నేలకే వర్తించింది. సముద్రంలో చేప పోతుంటే కొండ మీద హక్కుతో ఏం తింటారు? అందుకని తమ నీళ్లకు పటం గీయడం మొదలుపెట్టారు. ఏ రాయి పేరేంటి, ఏ దిబ్బ దగ్గర ఏ చేప గుడ్లు పెడుతుంది, ఎక్కడ వేటాడకూడదు అన్నవి పెద్దవాళ్లు చెబుతుంటే ఉపగ్రహ పరికరాలతో గుర్తించారు. నోటి మాటగా ఉన్న జ్ఞానం ప్రభుత్వం కాదనలేని కాగితమైంది. 1998లో సముద్రంతో కలిపి 22,284 హెక్టార్లను వాళ్ల పూర్వీకుల నేలగా గుర్తించారు. ఆ దేశంలో ఆదివాసుల హక్కు నేల దాటి నీళ్లలోకి వెళ్లింది అప్పుడే. దాని వెనక బలంగా నిలిచింది 1997 అక్టోబరులో వచ్చిన ఆదివాసీ హక్కుల చట్టం. ఆ చట్టాన్ని కొట్టేయమని సుప్రీంకోర్టుకు వెళితే 2000లో న్యాయమూర్తులు ఏడుగురు ఇటు, ఏడుగురు అటు చీలిపోయారు. మెజారిటీ లేక పిటిషన్ వీగిపోయింది, చట్టం బతికింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే నేను కూర్చున్న ఒడ్డున ఈపాటికి ఏ రిసార్టు మేడలు ఉండేవో!

1997 అనగానే మా వైపు వాళ్లకు ఇంకో సంగతి తట్టాలి. ఆ సంవత్సరం జూలైలోనే మన సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వడం చెల్లదంది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాల్లో. అదీ సున్నపురాయి ప్రాంతమే. చిన్నప్పుడు కిరండూల్ రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ బొర్రాలో దిగి, గోస్తని చెక్కిన ఆ గుహల్లో రాతి ఊడలు చూసి నోరు తెరిచినవాళ్లం. అదే రాయిని అదే తీరున వాన కరిగిస్తే అక్కడ గుహ మిగిలింది, ఇక్కడ సరస్సు మిగిలింది. తేడా మనుషుల ఏర్పాటులో ఉంది. బొర్రా గుహల టికెట్ పర్యాటక సంస్థ అమ్ముతుంది. కయాంగన్ ప్రవేశ రుసుము టగ్బనువాల సంఘానికి వెళుతుంది, ఏ సరస్సు తెరవాలో, ఏది మూయాలో వాళ్లు నిర్ణయిస్తారు. మన ఏజెన్సీలో గ్రామసభకు కాగితం మీద ఉన్న అధికారం ఇలా ఒక గేటు దగ్గర, ఒక రసీదు పుస్తకంలో కనిపిస్తే ఎలా ఉంటుందో నాకు అక్కడ మొదటిసారి కళ్లకు కట్టింది.

మధ్యాహ్నం ఒక ఇసుక తిన్నె మీద పడవవాళ్లు చేప కాల్చి అన్నం పెట్టారు. కుయా మాటల్లో తిండి ప్రస్తావన వచ్చింది. దీవి మీద వరి పండదు, రాతి సందుల్లో దొరికే దుంపలు, సముద్రమే ఆధారం. వాటిలో కురుత్ అనే అడవి దుంప విషపుది. పలచగా తరిగి నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, మళ్లీ మళ్లీ కడిగి, విషం పోయాకే వండుతారు. తుపాను రోజుల్లో పడవ కదలనప్పుడు ఇల్లు నిలిపేది ఆ దుంపే. మన గోదావరి ఏజెన్సీలో కొండరెడ్లు చేదు దుంపలను తరిగి బుట్టలకెత్తి వాగు ప్రవాహంలో ఉంచడం విన్నవాళ్లకు ఇది పరాయి సంగతి అనిపించదు. ఈ తిండిని లేమి అనుకునేవాళ్లున్నారు. విషాన్ని అన్నంగా మార్చే విద్య ఎన్ని తరాలు, ఎంతమంది ప్రాణాల మీద నేర్చి ఉంటారో ఆలోచిస్తే ఆ మాట అనబుద్ధి కాదు.

తుపాను అంటే అక్కడ ఊరికే అనే మాట కాదు. 2013 నవంబరు 8న హైయాన్, వాళ్లు యొలాండా అని పిలిచేది, మధ్య ఫిలిప్పీన్స్‌ను చీల్చుకుంటూ వచ్చి ఆ దేశంలో చివరిగా తీరం తాకింది బుసుయాంగా దగ్గరే. ఇళ్లతో పాటు పడవలూ పోయాయి. చేపల వేట మీద బతికే ఇంటికి పడవ పోవడమంటే మన రైతుకు కాడెద్దులు పోవడం కన్నా తక్కువేం కాదు.

బారకూడా సరస్సుకు చిన్న చెక్క మెట్ల మీదుగా రాతి గోడను దాటి వెళ్లాలి. టగ్బనువాలు దాన్ని లులుయువాన్ అంటారు. పైకి చూడడానికి కయాంగన్ కన్నా గంభీరం. ఒడ్డంటూ లేదు, నిలువు బండలు నేరుగా లోతుల్లోకి పోతాయి. దీని వింత కళ్లకు కాదు, చర్మానికి తెలుస్తుంది. పైన మామూలు వెచ్చదనం, 28 డిగ్రీలు. స్కూబా వేసుకుని దిగేవాళ్లు పద్నాలుగు మీటర్ల దగ్గర ఉన్నట్టుండి 38 డిగ్రీల నీళ్లలోకి ప్రవేశిస్తారు. మామూలుగా లోతుకు పోయేకొద్దీ నీరు చల్లబడాలి. ఇక్కడ అడుగున ఉన్న ఉప్పునీరు బరువైనది, అందువల్ల వేడెక్కినా పైకి లేవదు. ఆ రెండు పొరలు కలిసే చోట నీరు మసకబారి గాలి వణికినట్టు కనిపిస్తుందని పైకొచ్చిన ఇద్దరు డైవర్లు చెప్పారు. మేం పైపొరలోనే ఈదాం. ఎదురుగా కెరటం కూడా లేని నీటి మీద తేలుతూ, నా కింద ఎక్కడో ఇంకో రుతువు ఉందన్న ఊహ చాలాసేపు వదల్లేదు.

తిరుగు దారిలో పడవ కోరాన్ అఖాతంలో వెళుతుంటే, ఈ నీళ్ల కింద జపాన్ ఓడలున్నాయని కుయా అన్నాడు. 1944 సెప్టెంబరు 24న అమెరికా నౌకాదళ విమానాలు ముంచినవి. వాటి కోసమే ప్రపంచం నలుమూలల నుంచి డైవర్లు వస్తారు. నాకు ఆ రోజుకు సరస్సులు చాలు.

కయాంగన్‌ను మొత్తానికే మూసేయాలని అనేవాళ్లున్నారు, తెరవగానే చెడిపోతుందన్నది వాళ్ల వాదన. మెట్ల మీద భుజానికి భుజం రాసుకునేంత జనాన్ని చూసినప్పుడు నాకూ క్షణకాలం అలాగే అనిపించింది. కానీ ఆ నిర్ణయం నాది కాదు, మనీలా కార్యాలయాలది కూడా కాదు. ఆ నీళ్ల డబ్బుతో పిల్లల చదువు, పడవ ఇంజను, మందులు చూసుకోవాల్సింది వాళ్లు. ఆ నీళ్లు చెడితే నష్టపోయేదీ వాళ్లే. లాభం, నష్టం రెండూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇంటివాళ్లు తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం ఎక్కువ. రోజుకు ఎంతమందిని రానివ్వాలన్నది ఇంకా గట్టిగా బిగించాలని మాత్రం అనిపించింది. వచ్చేవాళ్లం దాన్ని ఫిర్యాదు చేయకుండా ఒప్పుకోవాలి.

దవావోలో మా మేనకోడలి స్నేహితులు, గుంటూరు పిల్లలూ కరీంనగర్ పిల్లలూ, వచ్చే సెలవుల్లో వెళ్తామని నన్ను వివరాలు అడిగారు. నవంబరు నుంచి మే దాకా పొడి కాలం, ఆ తర్వాత వానలు. గాలి ఎక్కువుంటే కోస్ట్ గార్డు పడవలను ఆపేస్తుంది, కాబట్టి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. గుంపుల పడవలు చేరకముందే మెట్ల దగ్గర ఉండాలంటే తెల్లవారాక మొదటి బంకా పట్టుకోండి. ఒంటికి క్రీములు, తలకు నూనె వద్దు, ఎండకు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ప్రవేశ రుసుము పడవ ధరలో కలిసి ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి, అది టగ్బనువాలకు చేరాల్సిన డబ్బు. కబుగావ్ చూపిస్తామని ఎవరైనా చెవిలో చెబితే వాళ్ల పడవ ఎక్కకండి.